గంగమ్మ జాతర చాటింపు పడకముందే.. మనసు జబ్బున్న బిడ్డని చూసుకునే పెద్దోళ్ళకి

మే నెల వస్తాందంటే మా ఇంట్లో రెండు భయాలు, ఒకటి ఎండ, రెండోది జాతర. భక్తి లేక కాదు, మా అమ్మ ఇప్పటికీ గంగమ్మకి పొంగలి పెట్టకుండా ఉండదు. కానీ మా అన్నకి స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినపడి, లేనిపోని అనుమానాలు పడే జబ్బు, అమ్మానాయనకి డెబ్బై దాటినాయి, ఆ వారం రోజులు వీధిలో డప్పులు మోగతా ఉంటే వాడికి నిద్ర పట్టదు, వాడు పడుకోకపోతే వీళ్ళిద్దరూ పడుకోరు. ఇట్లాంటి ఇళ్ళు తిరపతిలో చానా ఉండాయి, బయటికి చెప్పుకోరు అంతే. చిత్తూరులో నడివీధి గంగమ్మ జాతర చేసుకునేవాళ్ళకి కూడా ఇవే జాగ్రత్తలు.

మొట్టమొదట మాత్రలు. చాటింపు అంటే జాతర మొదలని డప్పు కొట్టి చెప్పడం, అది పడినాక ఊరోళ్ళు పొలిమేర దాటకూడదని నమ్మకం, పిల్లోళ్ళు పట్టించుకోరు గానీ పెద్దోళ్ళు పట్టించుకుంటారు, మా నాయన అయితే కదలమన్నా కదలడు. కాబట్టి వేలూరు సీఎంసీ వాళ్ళ బాగాయం మానసిక ఆస్పత్రిలోనో బెంగుళూరు నిమ్హాన్స్‌లోనో చూపించుకునేవాళ్ళు చాటింపుకి ముందే పోయొచ్చేయండి, ఇక్కడే సర్కారు ఆస్పత్రి రుయా ఓపీలో చూపించుకునేవాళ్ళు కూడా స్ట్రిప్పులు లెక్కపెట్టి ఇంకో రెండు వారాలకి సరిపడా ఇంట్లో పెట్టుకోండి. ఈ మాత్రలు ప్రతి మెడికల్ షాపులో దొరకవు, చీటీ లేకుండా ఇవ్వరు. నెలకొకసారి ఇంజెక్షన్ వేయించుకునేవాళ్ళయితే ఆ తేదీ జాతర వారంలో పడతాందేమో ముందే చూసుకోండి. స్కిజోఫ్రీనియాకి ఇచ్చే క్లోజాపిన్ అనే మాత్ర వాడేవాళ్ళకి ఒక మాట, రెండు రోజులు అంటే 48 గంటలు మాత్ర తప్పిపోతే మళ్ళీ పాత డోసు ఒక్కసారిగా వేయకూడదు, డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టాల. ఇంగ తినడంలేదని రసం అన్నంలో మాత్ర పొడి చేసి కలిపేవాళ్ళు ఉండారు, అన్నంలో విషం పెడతాన్నారని ముందే అనుమానపడే మనిషికి అది దొరికిందనుకోండి, అప్పట్నుంచి మీ చేతి అన్నం కూడా తినడు.

ఎండ గురించి ఎవరూ గట్టిగా చెప్పరు కాబట్టి నేను కొంచెం ఎక్కువే చెప్తా. మే నెలలో మన దగ్గర 40 డిగ్రీలు దాటడం మామూలే. ఈ మాత్రల్లో చానావాటికి ఒంట్లో వేడి సర్దుకునే శక్తి తగ్గుతాది, చేతులు వణక్కుండా ఇచ్చే పాసిటేన్ లాంటివి చెమట పట్టనీకుండా చేస్తాయి. మా వాడు మే నెల మధ్యాహ్నం ఫుల్ చేతుల స్వెటర్ వేసుకోని ఫ్యాన్ ఆపేసి కూర్చుంటాడు, తీయరా అంటే గొడవ. అమ్మ ఇప్పుడు వాదన పెట్టుకోదు, స్నానానికి పోయినప్పుడు స్వెటర్ తీసి ఉతకడానికి నానబెట్టేసి కొక్కేనికి కాటన్ చొక్కా తగిలిస్తాది, దాంతో సగం రోజులు గడిచిపోతాయి.

బైపోలార్ జబ్బుకి ఇచ్చే లిథియం మాత్ర వాడేవాళ్ళకి ఎండాకాలం ఇంకా కష్టం. ఒంట్లో నీళ్ళు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతాది. అమ్మకో నాయనకో బీపీ అని ఇంట్లో అందరికీ ఉప్పు లేని కూర చేసేస్తారు చూడండి, అట్లా చేయొద్దు, వాడికి వేరేగా ఉప్పేసి పెట్టండి, ఉప్పు మజ్జిగ ఇవ్వండి, జాతరలో పోసే అంబలి కూడా మంచిదే. అమ్మ మోకాళ్ళ నొప్పులకి వాడే బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వాడికి తలనొప్పంటే ఇవ్వొద్దు, అవి కూడా లిథియంని పెంచుతాయి. చేతులు బాగా వణకడం, వాంతులు, బేదులు, తాగినోడి మాదిరి తూలడం, మాట ముద్దగా రావడం ఇవి కనిపిస్తే ఆ పూట లిథియం వేయకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకపోండి. ఏ మాత్ర వాడేవాళ్ళయినా సరే, జ్వరం కాగిపోతా ఒళ్ళు బిగుసుకపోయి మనిషి అయోమయంగా ఉంటే డోలో వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు, 108కి ఫోన్ చేయండి.

ఇంగ వేషాలు, జాతర వారంలో మొక్కుకున్నోళ్ళు రోజుకొక రకం వేసుకోని వీధుల్లో తిరిగేవి. బండ వేషం, తోటి వేషం వేసినోళ్ళు బూతులు తిడతా తిరగతారు, అది మొక్కు అని మనకి తెలుసు, నవ్వుకుంటాం. కానీ వీధిలో అందరూ నా గురించే మాట్లాడుకుంటాన్నారు, నన్ను చంపేదానికి వస్తాన్నారు అని ఏళ్ళ తరబడి నమ్మతాండే మనిషి ముందరికి ఒకడు నిజంగానే ఒళ్ళంతా బొగ్గు పూసుకోని వేపమండలు పట్టుకోని వచ్చి గడప దగ్గర నిలబడి తిడితే ఇంగేం కావాల. అందుకని నాలుగు రోజుల ముందునుంచే చెప్తా ఉండండి, ఫలానా రోజు ఫలానా వేషం, ఈ తూరి ఎదురింటి పిల్లోడు వేస్తాన్నాడు అని, ఫోన్లో పోయినేడాది ఫోటోలు ఉంటే చూపించండి. రోడ్డు వైపు గదిలో కాకుండా వెనక గదిలో పడక వేయండి. కుదిరితే చాటింపుకి ముందే వాడికి నమ్మకం ఉన్న అక్క దగ్గరికో పిన్నమ్మ దగ్గరికో మాత్రలు చేతికిచ్చి పంపించండి, ఆ ఊర్లో కూడా అదే వారం జాతర లేకుండా చూసుకోండి మళ్ళా. నేనూ వేషం వేస్తా అంటే వద్దని కొట్లాడొద్దు, పొద్దున్నే ఎండ రాకముందు ఒక అరగంట, తోడు ఒకరు ఉండాల.

బైపోలార్, అంటే కొన్నాళ్ళు విపరీతమైన హుషారు, కొన్నాళ్ళు దిగులు వచ్చే జబ్బు ఉన్నోళ్ళకి నిద్రే అసలు సంగతి. వరసగా రెండు రాత్రులు నిద్రలేకుండా హుషారుగా తిరగతాంటే పండగ సంబరం అనుకోవద్దు, ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి. జాతర వారంలో జబ్బు తిరగబెడితే కనిపెట్టడం కూడా కష్టం, వీధిలో అరిస్తే వేషం అనుకుంటారు, ఊగితే అమ్మవారు పూనింది అని హారతి ఇస్తారు. పూనకం కాసేపట్లో దిగిపోతాది, మూడో రోజు కూడా అన్నం తినకుండా గోడతో మాట్లాడతాంటే అది పూనకం కాదు. తాయెత్తు కట్టిస్తామనే చుట్టాలతో వాదన ఎందుకు, కట్టించుకోండి, మాత్ర మాత్రం ఆపొద్దు.

చుట్టాలంటే గుర్తొచ్చింది, వేటకూర రోజు ఎవడో ఒక బావ వాడిని మేడ మీదకి పిలిచి పాపం అని ఒక పెగ్గు పోస్తాడు. ఈ మాత్రల మీద మందు పడకూడదని ఆ బావకి ముందే మొహం మీద చెప్పేయండి, మొహమాటం వద్దు.

వాడికి కోపం హద్దు దాటిన రోజు ఏం చేయాలనేది జాతరకి ముందే మాట్లాడి పెట్టుకోండి. డెబ్బై ఏళ్ళ మనిషి నలభై ఏళ్ళ వాడిని పట్టుకోలేడు, పట్టుకోవద్దు కూడా. వాకిలికి మీరు దగ్గరగా ఉండేట్టు కూర్చోండి, వాడి గదికి, బాత్రూంకి లోపలి గడియలు తీసేయించండి, కత్తిపీట, వేట కోసే కత్తులు పని అయినాక లోపల పెట్టేయండి, మాత్రల డబ్బా మీ దగ్గరే ఉండాల. గొంతు పెంచకుండా బయటికి వచ్చేయండి, పక్కింట్లో నమ్మకమైన వాళ్ళు ఒకరికి ముందే విషయం చెప్పుండాల, పరువు పోతాదని దాచిపెడితే ఆ రాత్రి తలుపు తట్టేదానికి ఒక ఇల్లు కూడా ఉండదు. 112, 108తో పాటు మనసు జబ్బుల కోసం సర్కారు పెట్టిన ఫోన్ సాయం టెలీ మానస్ 14416 సేవ్ చేసుకోండి, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ కట్టక్కర్లా.

ఇల్లొదిలి పోతే మాత్రం మన ఊరు వేరే రకం. గడ్డం పెంచుకోని చెప్పుల్లేకుండా తిరిగే మనిషిని తిరపతిలో ఎవరూ అడగరు, అన్నదానంలో అన్నం దొరకతాది, వారాలు గడిచిపోతాయి. ఫోటో చూపించి అడగాల్సింది రైల్వే స్టేషన్, ఆర్టీసీ బస్టాండ్, అలిపిరి, కపిలతీర్థం, అన్నదానం పెట్టే చోట్లు. ఈ ఏడాది తీసిన ఫోటో ఒకటి దగ్గర పెట్టుకోండి, చొక్కా జేబులో మీ ఫోన్ నంబర్ చీటీ కుట్టండి. పోలీసులకి చెప్పడానికి భయపడొద్దు, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇట్లా తిరగతాండే మనిషిని కాపాడి 24 గంటల్లోపల సర్కారు ఆస్పత్రికి చేర్చాల్సిన బాధ్యత స్టేషన్‌దే, లాకప్‌లో పెట్టకూడదు.

అదే చట్టంలో ఇంకోటి ఉండాది. వాడు బాగున్న రోజు తెల్లకాగితం మీద నా తరఫున ఫలానా మనిషి మాట్లాడతాడు అని రాసి సంతకం పెట్టొచ్చు, ఆ మనిషి కూడా ఒప్పుకుంటాన్నానని రాసియ్యాల, ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే వాడి తరఫున ఆ మనిషి అడగొచ్చు. నాయన పేరు కాకుండా తమ్ముడిదో చెల్లెలిదో రాయించండి, ఎందుకో చెప్పక్కర్లా. నాయన గవర్నమెంట్ ఉద్యోగం చేసినోడైతే బిడ్డకి వైకల్యం సర్టిఫికెట్ తీయించి ఫ్యామిలీ పెన్షన్ కాగితాల్లో పేరు ఎక్కించే పని కూడా, జాతరకి సంబంధం లేకపోయినా, ఈ ఏడాదే చూసుకోండి.

జాతర అయిన వారంలో ఒకసారి డాక్టర్‌కి చూపించండి, లిథియం వాడేవాళ్ళు లెవెల్ టెస్ట్ చేయించండి. అమ్మ బీపీ, సుగర్ కూడా ఆ రోజే చూపించేయండి, ఆమె కోసమని వేరే రోజు రమ్మంటే రాదు.