అమ్మకపోయినా ఇంటికి విలువ కట్టిస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

హన్మకొండలో ఇల్లు బాగు చేయించాక "ఇప్పుడెంత పలుకుతుందో" అని అందరికీ అనిపిస్తుంది. వాల్యుయర్‌కి ఫోన్ చేసే ముందు:

• ఎందుకోసమో తేల్చుకోండి. లోన్ కోసమైతే ఆ బ్యాంకు ప్యానెల్లో (బ్యాంకు ఒప్పుకున్న వాల్యుయర్ల జాబితాలో) ఉన్నవాళ్ల రిపోర్టే అడుగుతారు. వేరేవాళ్లతో రాయిస్తే ఫీజు దండగ.

• సేల్ డీడ్, ఈసీ (ఆస్తి మీద అప్పులు, రిజిస్ట్రేషన్లు ఏమున్నాయో చూపే కాగితం), ఇంటిపన్ను రసీదు, కార్పొరేషన్ పర్మిషన్ ప్లాన్ జిరాక్సులు ఒక ఫైల్లో పెట్టండి. పర్మిషన్ లేకుండా పైన గది వేసి ఉంటే దాచకండి, టేపు పట్టగానే బయటపడుతుంది.

• బిల్లులు పారేయకండి. మేస్త్రీ చిట్టీ చాలదు. ఎప్పుడైనా అమ్మితే కొత్త గది, స్లాబు ఖర్చు క్యాపిటల్ గెయిన్స్ (అమ్మకంలో వచ్చిన లాభంపై పన్ను) లెక్కలో పనికొస్తుంది. సున్నాలు, రంగులు లెక్కలోకి రావు.

• పెట్టిందంతా విలువలో కలుస్తుందనుకోకండి. మా ఇంటికొచ్చినాయన కొత్త కిచెన్ గ్రానైట్ వైపు చూడనే లేదు. గల్లీ వెడల్పు కొలిచి, ఎన్ని గజాలో అడిగి, బాత్రూం గోడ మీది చెమ్మ మరకపై టార్చి కొట్టాడు. అదేదో ముందే ఆరబెట్టించాల్సింది.

• రిజిస్ట్రేషన్ శాఖ గజం రేటు స్టాంపు డ్యూటీ కోసం. బజారు ధర వేరు.

• బ్రోకర్ల చెవిన వేయకండి. "అమ్ముతున్నారటగా" అని రోజూ ఫోన్లే.