వెయ్యి ముక్కల జిగ్సా పజిల్ కుదరట్లేదా? తప్పు మీది కాకపోవచ్చు

విజయవాడ ఎండల్లో మధ్యాహ్నం బయటికెళ్లే పని లేదు కదా అని మొన్న వేసవిలో ఇంట్లో వెయ్యి ముక్కల పజిల్ పరిచాం. సగం తలనొప్పులు మా చేతకానితనం వల్ల కాదు, అట్ట నాసిరకం కావడం వల్ల వచ్చినవే.

అంచు కలవట్లేదా? లెక్కపెట్టండి. వెయ్యి అని రాసినా చాలావాటిలో ఒకవైపు 38, రెండోవైపు 27 ముక్కలు, అంటే అసలు 1026 ముక్కలుంటాయి. కొన్నిటిలో 40, 25. ఈ రెండిట్లో ఏ రకమైనా మూలలతో కలిపి అంచు ముక్కలు 126 రావాలి. తగ్గితే ఇంకా కుప్పలో ఉన్నట్టు, సరిపోయినా అంచు మూసుకోవట్లేదంటే ఎక్కడో తప్పు జత పడ్డట్టు.

తప్పు ముక్క కూడా చక్కగా కూర్చుంటోందా? ఇదే అన్నిటికంటే పెద్ద మోసం. ఒకే ఆకారాన్ని మళ్లీ మళ్లీ కోసే అచ్చు వాడితే ఇలాగే జరుగుతుంది, ఆకాశం దగ్గరైతే ఇక చెప్పక్కర్లేదు. జతను ఎత్తి ట్యూబ్‌లైట్‌కి అడ్డంపెట్టి చూడండి, సందులోంచి వెలుతురు కొన్నిచోట్ల ఎక్కువ, కొన్నిచోట్ల తక్కువ వస్తే అనుమానించాల్సిందే. సెట్ మొత్తం ఎలాంటిదో తెలియాలంటే మాత్రం బొమ్మను బట్టి ఖాయంగా సరైనదని తెలిసిన జతను తీసుకుని, ఒక ముక్కను పట్టుకుని పైకెత్తండి. రెండోది వేలాడుతూ వస్తే కోత బాగున్నట్టు, జారిపోతే వదులు సెట్టు, దాంట్లో పట్టును నమ్ముకోకండి, బొమ్మనే నమ్ముకోండి. ఆకాశం ముక్కల్ని రంగును బట్టి కాకుండా బుడిపెలెన్ని, గుంటలెన్ని అని చూసి స్టీలు పళ్లేల్లో వేరుచేస్తే పని సగం అవుతుంది.

నిన్న పట్టింది ఇవాళ బిగుసుకుందా? వాన పడ్డాక అట్ట తేమ పీల్చి ఉబ్బుతుంది. ఏసీ గదిలో కొన్ని గంటలు ఉంచండి, ఎండలో మాత్రం పెట్టొద్దు, వంకర తిరుగుతుంది.

బొమ్మ పొర లేస్తే అగ్గిపుల్ల చివరతో చుక్క ఫెవికాల్ రాసి, పుస్తకం కింద అదిమిపెడితే చాలు. డబ్బాలో పొట్టు ఎక్కువుంటే ముందే జల్లెడ పట్టండి. మొండి బ్లేడుతో కోస్తే పొట్టూ వస్తుంది, అంచుల్లో పొరా లేస్తుంది. ఈ రెండూ కనిపించిన సెట్టుకి ఎంత తగ్గించి ఇచ్చినా నేనైతే మళ్లీ డబ్బు పెట్టను.

చివర్లో ఒక్క ముక్క తక్కువైతే షాపు మీద విరుచుకుపడేముందు ఫ్యాన్ ఆపి మంచం కింద వెతకండి. మాది చీపురుకట్ట పుల్లల మధ్య దొరికింది, అదీ మూడో రోజున.