సిస్టమాటిక్ లిటరేచర్ రివ్యూ ఎలా చేయాలి?

మామూలు సాహిత్య సమీక్షలో దొరికినవీ, నచ్చినవీ చదివి రాసేస్తాం. సిస్టమాటిక్ రివ్యూలో ఆ వెసులుబాటు లేదు. ఎక్కడ వెతికారు, ఏ మాటలతో వెతికారు, దేన్ని ఎందుకు పక్కన పెట్టారు, అన్నీ రాసి ఉండాలి. మీరు రాసింది పట్టుకుని ఇంకొకరు అదే దారిన వెళ్తే దాదాపు అవే పేపర్ల దగ్గర తేలాలి. అందుకే చదవడం మొదలుపెట్టకముందే నియమాలు తేల్చుకోవాలి.

1. ప్రశ్నను బిగించండి

"పేదరికం, చదువు" అంటే అది అంశమే, ప్రశ్న కాదు. "పేద కుటుంబాలకు నగదు సాయం అందితే హైస్కూలు పిల్లల హాజరు పెరుగుతుందా?" అంటే ప్రశ్న. ఎవరు, ఏ కార్యక్రమం, దేనితో పోలిక, ఏ ఫలితం అని విడదీసుకోండి. వైద్యరంగం నుంచి వచ్చిన ఈ చట్రాన్ని పికో అంటారు. ఇంటర్వ్యూలతో చేసిన గుణాత్మక అధ్యయనాలకు అది సరిగ్గా అతకదు, వాటికి స్పైడర్ అనే ఇంకో చట్రం నయం. ఇదే ప్రశ్న మీద ఎవరైనా ఇప్పటికే రివ్యూ చేశారేమో కూడా చూసుకోండి. సామాజిక రంగాల రివ్యూలకు 2000లో మొదలైన క్యాంప్‌బెల్ కొలాబరేషన్ మంచి చోటు.

2. ప్రోటోకాల్ రాయండి

ప్రోటోకాల్ అంటే మీ రివ్యూకి ముందే రాసుకునే ప్రణాళిక. ఏ సంవత్సరాలు, ఏ భాషలు, ఏ రకం అధ్యయనాలు తీసుకుంటారో రాసి, ఇలాంటి ప్రణాళికలు నమోదు చేసుకునే వెబ్‌సైటు ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్‌లో నమోదు చేయండి. ప్రాస్పెరో అనే రిజిస్టర్ మాత్రం ఆరోగ్య సంబంధమైన ఫలితాలున్న రివ్యూలకే. తర్వాత నియమం మార్చాల్సి రావచ్చు, తప్పేం లేదు. మార్చిన సంగతి దాచడమే తప్పు.

3. వెతకండి

చాలామంది తొందరపడేది ఇక్కడే. ప్రశ్నలోని ఒక్కో భావానికి పర్యాయపదాలు రాసుకోండి. "క్యాష్ ట్రాన్స్‌ఫర్", "స్టైపెండ్", "సోషల్ ప్రొటెక్షన్" మధ్య ఆర్ (OR, వీటిలో ఏదైనా) పెట్టి ఒక బ్రాకెట్. "అటెండెన్స్", "ఎన్‌రోల్‌మెంట్", "డ్రాపౌట్" మధ్య ఆర్ పెట్టి ఇంకో బ్రాకెట్. రెండింటినీ అండ్‌తో (AND, రెండూ ఉండాలి) కలపండి. నాట్ (NOT, ఇది ఉండకూడదు) జోలికి మాత్రం వీలైనంత వరకు పోవద్దు, పనికొచ్చేవాటినీ ఊడ్చేస్తుంది.

ఈ వల సరిగ్గా ఉందో లేదో చూసే చిట్కా ఒకటుంది. తప్పకుండా రావాల్సిన పేపర్లు ఓ అయిదు ముందే పక్కన పెట్టుకోండి. వెతికినప్పుడు వాటిలో ఏదైనా రాకపోతే, దాని సారాంశంలో ఏ మాట వాడారో చూసి జాబితాలో చేర్చండి.

స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్‌తో పాటు మీ రంగం డేటాబేస్ ఒకటైనా ఉండాలి, విద్యకైతే ఎరిక్. గూగుల్ స్కాలర్ ఒక వెతుకులాటకు 1000 ఫలితాలకు మించి చూపదు, కాబట్టి అది తోడుగానే. థీసిస్‌లు, ప్రభుత్వ నివేదికలు కూడా వెతకండి. ప్రభావం కనబడని అధ్యయనాలు జర్నళ్ల దాకా రాకుండా సొరుగుల్లోనే ఉండిపోతుంటాయి మరి. ఏ రోజు వెతికారో, ఎన్ని వచ్చాయో అప్పటికప్పుడు రాసుకోండి.

4. జల్లెడ పట్టండి

రిఫరెన్సులు దాచుకునే జొటెరో సాఫ్ట్‌వేర్‌లో డూప్లికేట్లు తీసేసి, రయ్యాన్ లాంటి టూల్‌లో ఇద్దరు విడివిడిగా శీర్షికలు, సారాంశాలు చూడాలి. ముందు ఓ యాభై పేపర్లతో ట్రయల్ వేయండి. మంచి మార్కులొచ్చినవాళ్లకే ఇచ్చే స్కాలర్‌షిప్ మీద పేపర్ వచ్చిందనుకోండి, ఒకరు నగదు సాయమే అంటారు, ఇంకొకరు కాదంటారు. లోపం ఇద్దరిలో ఎవరిదీ కాదు, నియమంలో ఉంది. దాన్ని సరిదిద్ది ముందుకెళ్లండి. పూర్తి పేపర్ చదివాక తీసేసిన ప్రతిదానికీ కారణం రాయాలి. రివ్యూలో ఏమేం రాయాలో చెప్పే 27 అంశాల ప్రిస్మా 2020 చెక్‌లిస్టు, దాని ఫ్లోచార్టు ఈ లెక్కలే అడుగుతాయి.

5. సమాచారం తీయండి, నాణ్యత చూడండి

ఎక్సెల్ పట్టిక చాలు. ఒకే సర్వే మీద మూడు పేపర్లు రాసి ఉంటే అది ఒక్క అధ్యయనమే. రకరకాల పద్ధతుల అధ్యయనాలు కలిసి ఉంటే నాణ్యత చూసేందుకు ఎమ్‌ఎమ్‌ఏటీ (MMAT) అనే ప్రశ్నల జాబితా వాడొచ్చు.

6. కలిపి చెప్పండి

"పదిలో ఏడు అవునన్నాయి" అని ఓట్లు లెక్కపెట్టకండి. చిన్న శాంపిల్‌తో చేసిన అధ్యయనంలో ప్రభావం ఉన్నా తేలకపోవచ్చు. కొలతలు, కార్యక్రమాలు పోలి ఉంటేనే మెటా ఎనాలిసిస్, అంటే అన్ని అధ్యయనాల అంకెలనూ కలిపి ఒక్క లెక్క తేల్చడం. లేకపోతే ఎక్కడ పనిచేసింది, ఎవరి విషయంలో పనిచేయలేదు అని గుంపులుగా విడదీసి చెప్పండి.

ఇదంతా అయ్యేసరికి నెలలు గడిచిపోతాయి. జర్నల్‌కి పంపేముందు అదే వెతుకులాట మళ్లీ ఒకసారి నడిపి, కొత్తగా వచ్చిన పేపర్లను అదే జల్లెడలో పోయండి.