"బడింది" కనిపిస్తే "ఎవరు?" అని అడగండి

"మీ దరఖాస్తు తిరస్కరించబడింది." ఆఫీసుల నుంచి వచ్చే కాగితాల్లో ఈ రకం వాక్యం తరచూ కనిపిస్తుంది. తిరస్కరించింది ఎవరో అందులో ఉండదు. ఇంట్లో ఎవరైనా "అన్నం తినబడింది" అంటే నవ్వుతాం. నోటీసులో మాత్రం అదే వ్యాకరణం మనల్ని బెదరగొడుతుంది, ఎందుకంటే కర్త కనపడకపోతే వాదించడానికి ఎదురుగా మనిషి ఉండడు. "చర్యలు తీసుకోబడును" అన్నదీ అంతే. "పరిశీలనలో ఉంది" ఇంకా గడుసుది: మనిషీ లేడు, తేదీ కూడా లేదు!

అలాంటి కాగితం అందితే ప్రతి "బడింది" పక్కన పెన్సిల్‌తో "ఎవరు? ఎప్పుడు? ఏ నిబంధన కింద?" అని రాసుకోండి. అవే ప్రశ్నలతో జవాబు పంపండి. సమాచార హక్కు దరఖాస్తు విషయంలోనైతే చట్టమే మీ వైపు ఉంది. 2005 నాటి ఆ చట్టంలోని సెక్షన్ 7(8) ప్రకారం, తిరస్కరిస్తే కారణం, అప్పీలు గడువు, ఎవరికి అప్పీలు చేసుకోవాలో ఆ వివరాలు తెలపాల్సిందే. మొదటి అప్పీలుకు 30 రోజుల గడువు ఉంటుంది.

మీరు రాసేటప్పుడూ కర్తను దాచకండి. "దరఖాస్తు సమర్పించబడినది" బదులు "నేను ఫలానా తేదీన మీ కౌంటర్లో ఇచ్చాను, మీ సిబ్బంది రసీదు ఇచ్చారు" అని రాయండి. "అనుగ్రహించ ప్రార్థన" లాంటివి కూడా నా ఉద్దేశంలో అనవసరం. "కోరుతున్నాను" అంటే చాలు, మర్యాదకు "గారు" ఎలాగూ ఉంది.