వేడి చేసిందా, వేరే జబ్బా? కుక్క, పిల్లి లక్షణాలను బట్టి కారణం, చేయాల్సిన పని

శ్రీకాకుళం, విజయనగరం వైపు కుక్క ఒక పూట అన్నం ముట్టకపోతే ఇంట్లో ముందు వచ్చే మాట ‘వేడి చేసింది’. మజ్జిగ పోస్తారు, పెరుగన్నం కలుపుతారు, రెండు రోజులు చూద్దాం అంటారు. పిడుదుల జ్వరానికైనా, కుక్కపిల్లల పేగును చెడగొట్టే పార్వో అనే వైరస్ జబ్బుకైనా ఆ రెండు రోజులే కీలకం. అందుకే ఏ మందైనా వేసే ముందు కొన్ని సంగతులు చూడండి.

పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. ఆరోగ్యంగా ఉంటే గులాబీ రంగులో ఉంటాయి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ రంగు తేలాలి. మెడ వెనక చర్మం పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోవాలి. మెల్లగా సర్దుకుంటే ఒంట్లో నీళ్లు తగ్గాయని అర్థం. ఇక జ్వరం. ముక్కు తడిగా ఉందా, పొడిగా ఉందా అన్నదాన్ని బట్టి జ్వరం తెలియదు. మందుల షాపులో దొరికే డిజిటల్ థర్మామీటరుకు కాస్త కొబ్బరినూనె రాసి మలద్వారంలో పెట్టి చూడాలి. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలే, పిల్లికీ దాదాపు అంతే. మన ఒంటికంటే వాటి ఒళ్లు ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది కాబట్టి చేత్తో తాకి చెప్పేది లెక్కలోకి రాదు.

తిండి మానేసింది, జ్వరం 103 దాటింది, చిగుళ్లు పాలిపోయాయి

ముందు అనుమానించాల్సింది పిడుదుల జ్వరం. పిడుదు కుట్టినప్పుడు ఎర్లీషియా అనే బ్యాక్టీరియా గానీ, బెబీసియా అనే పరాన్నజీవి గానీ రక్తంలోకి వస్తుంది. మొదటిది ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. పొట్ట కింద చర్మం మీద ఎర్రని చుక్కలు, ఒక్కోసారి ముక్కు నుంచి నెత్తురు కనిపిస్తాయి. రెండోది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది, మూత్రం కాఫీ రంగుకు తిరుగుతుంది. రెండూ ఒకేసారి ఉండటమూ మామూలే. ‘మా కుక్క మీద పిడుదులే లేవండీ’ అనే మాట డాక్టర్లు రోజూ వింటారు. జబ్బు బయటపడేసరికి వారం, రెండు వారాలు గడుస్తాయి, కుట్టిన పిడుదు ఎప్పుడో రాలిపోయి ఉంటుంది.

రక్త పరీక్ష చేయించండి. ఎర్లీషియాకు డాక్సీసైక్లిన్ వాడతారు, సాధారణంగా నాలుగు వారాలు. ఎక్కువ మంది తప్పేది ఇక్కడే. మూడో రోజుకు కుక్క తోక ఊపి అన్నం తింటుంది, మాత్రలు అటక ఎక్కుతాయి, కొన్నాళ్లకు జబ్బు తిరగబెడుతుంది. బెబీసియా మందు పూర్తిగా వేరు. అందుకే పక్కింటి కుక్కకు రాసిన చీటీ మీ కుక్కకు పనికిరాదు.

పిడుదులు పశువుల శాల నుంచి వస్తున్నాయని చాలామంది నమ్మకం. ఆవుల మీద ఎక్కువగా కనిపించేది వేరే జాతి. కుక్కను పట్టే గోధుమరంగు పిడుదు మన ఇంట్లోనే కాపురం ఉంటుంది. గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనక, గోనెసంచుల మడతల్లో గుడ్లు పెడుతుంది, ఒక్క ఆడ పిడుదు వేల గుడ్లు పెట్టగలదు. కుక్కకు మాత్ర వేసి ఇంటిని వదిలేస్తే సగం పనే అయినట్టు. పగుళ్లకు సిమెంటు పూయండి, పడక గుడ్డలు మరిగే నీళ్లలో వేయండి. ఒంటి మీదవాటిని పట్టకారతో చర్మానికి ఆనించి తిన్నగా లాగండి. కిరసనాయిలు పోయకండి, గోళ్లతో చిదమకండి. నివారణకు నెలకో, మూడు నెలలకో ఒకసారి నోటికి వేసే మాత్రలు ఉన్నాయి. ఖరీదు ఎక్కువే, అయినా పిడుదుల జ్వరం వైద్యం కంటే చవక.

ఆగకుండా రొప్పుతోంది, చొంగ కారుతోంది, తూలుతోంది

ఇది నిజమైన వడదెబ్బ. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పి చల్లబడాలి. గాలిలో ఉక్క ఉంటే ఆ రొప్పు పనిచేయదు. అందుకే కళింగపట్నం, భావనపాడు లాంటి తీర గ్రామాల్లో ఎండ తక్కువగా కనిపించిన రోజున కూడా ప్రమాదమే. ఒంటి వేడి 105 దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. నీడలోకి తెచ్చి మామూలు కుళాయి నీళ్లతో ఒళ్లంతా తడపండి, ఫ్యాన్ వేయండి, థర్మామీటరు 103.5కు దిగగానే తడపడం ఆపి ఆసుపత్రికి బయలుదేరండి. తెలివి సరిగా లేని కుక్క గొంతులో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పగ్, హస్కీ జాతి కుక్కలు కొనాలని సరదా పడేవాళ్లు ముందు మన మే నెలను తలుచుకోవాలి.

కుక్కపిల్లకు వాంతులు, వెంటనే నీచువాసనతో నెత్తురు విరేచనాలు

ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపు పిల్ల, టీకాలు పూర్తి కాలేదు అంటే పార్వో అనుకునే కదలండి. కొంకి పురుగుల వల్లా నెత్తురు పడొచ్చు గానీ, ఆ తేడా తేల్చాల్సింది డాక్టరే. వైరస్ పేగు లోపలి పొరను చెడగొడుతుంది. పిల్లను చంపేది ఎక్కువగా ఒంట్లో నీళ్లు పోవడం, చెడిన పేగు నుంచి బ్యాక్టీరియా రక్తంలోకి ఎక్కడం. నోటితో ఏది పోసినా వాంతి అవుతుంది కాబట్టి నరానికి సెలైన్ ఎక్కించాలి, వాంతి ఆగే మందు ఇవ్వాలి. ఇంట్లో దానిమ్మ తొక్క కషాయం, పెరుగు పోస్తూ కూర్చుంటే సాయంత్రానికి పిల్ల లేవదు. తొందరగా సెలైన్ పడినవాటిలో చాలా పిల్లలు బతుకుతాయి.

చికిత్స కంటే ఇల్లు శుభ్రం చేయడం కష్టం. ఈ వైరస్ పెరట్లో నెలల తరబడి ఉంటుంది, ఫినాయిల్‌కు లొంగదు. గచ్చును ముందు సబ్బుతో కడిగి, లిక్విడ్ బ్లీచ్ ఒక వంతుకు 30 వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచాలి. మట్టి నేలను ఎలా కడిగినా పూర్తిగా శుభ్రం కాదు. ఆ ఇంటికి టీకాలు పూర్తికాని కొత్త పిల్లను వెంటనే తేవద్దు. టీకా ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాల వయసు వచ్చేదాకా వేయించాలి. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ టీకాను అడ్డుకుంటుంది కాబట్టి ఒక్క డోసు చాలదు. ఏడాదికి బూస్టరు ఉంటుంది.

మగపిల్లి మాటిమాటికీ మూత్రానికి కూర్చుని అరుస్తోంది

మలబద్ధకం అనుకుని ఆముదం పట్టిస్తారు. చాలాసార్లు అది మూత్రం దారి మూసుకుపోవడం. మగపిల్లి మూత్రనాళం సన్నం, చిన్న పలుకులు, జిగురు అడ్డుపడితే చుక్క కూడా రాదు. పొట్ట కింద మూత్రసంచి నిమ్మకాయంత గట్టిగా తగులుతుంది. దాన్ని నొక్కకండి, పగలొచ్చు. రక్తంలో పొటాషియం పెరిగి ఒకటి రెండు రోజుల్లో గుండె ఆగిపోతుంది. రాత్రయినా సరే తీసుకెళ్లాలి, ట్యూబు వేసి తీయాలి. ముందుజాగ్రత్త అంటే నీళ్లు ఎక్కువ తాగేలా చూడటం. రోజంతా ఎండు గింజల తిండే పెట్టే ఇళ్లలో తడి తిండి కూడా కలపండి.

పిల్లికి ముఖం వాచింది, చిగుళ్లు గోధుమరంగుకు తిరిగాయి, లేదా ఒళ్లంతా వణుకుతోంది

మీరేం వేశారో గుర్తు తెచ్చుకోండి. పారాసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలదు. దాని కాలేయానికి ఆ మందును విరిచే శక్తి లేదు. వణుకు, మూర్ఛ అయితే కుక్కల పిడుదుల మందు గానీ, పశువులకు పూసే పిడుదుల మందు గానీ తగిలి ఉండొచ్చు. పెర్మెత్రిన్, డెల్టామెత్రిన్ రకాలు పిల్లికి విషం. ఒంటి మీద పడితే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బుతో కడిగి పరుగెత్తండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్కలకూ వద్దు. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర అన్నం, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ కూడా పెట్టకూడనివే.

గోకుడు, ఊడిన వెంట్రుకలు

చెవి అంచులు, మోచేతులు పెచ్చుకట్టి విపరీతంగా గోకితే గజ్జి. అది మన చర్మానికీ కొన్నాళ్లు దురద పెడుతుంది. ముఖం మీద గుండ్రంగా వెంట్రుకలు ఊడి దురద పెద్దగా లేకపోతే డెమోడెక్స్ అనే మరో పురుగు కావచ్చు. చర్మం గీసి మైక్రోస్కోపులో చూస్తే తేలిపోతుంది. వాడిన ఇంజిన్ ఆయిల్ పూయడం మాత్రం మానేయండి, కుక్క దాన్ని నాకుతుంది.

పొట్ట కుండలా ఉంది, తోక దగ్గర బియ్యపు గింజల్లాంటివి

నులిపురుగులు. ఆ గింజలు బద్దెపురుగు ముక్కలు, వాటిని మోసుకొచ్చేది ఒంటి మీద గెంతే పేలు. రెంటికీ కలిపి మందు వేయాలి. కుక్కపిల్లలకు రెండు వారాల వయసు నుంచి పదిహేను రోజులకోసారి, పెద్దవాటికి మూడు నెలలకోసారి.

వానలు, వరదల తర్వాత కళ్లు పచ్చబడ్డాయి

నాగావళి, వంశధార పొంగినప్పుడు, 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ లాంటి తుపాన్ల తర్వాత నిలిచిన నీళ్లలో ఎలుకల మూత్రం కలుస్తుంది. అందులో లెప్టోస్పైరా (లెప్టో) అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. జ్వరం, వాంతులు, కామెర్లు, మూత్రం తగ్గడం దాని గుర్తులు. మనుషులకూ సోకుతుంది, కాబట్టి ఆ కుక్క మూత్రం చేతి తొడుగులతోనే తుడవండి. ఏటా వేసే టీకాలో లెప్టో ఉందో లేదో అడిగి తెలుసుకోండి.

ఆడకుక్క నీళ్లు తెగ తాగుతోంది, నీరసం

ఎదకు వచ్చి ఒకటి రెండు నెలలైతే గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు. బయటికి కారకపోతే ఇంకా ప్రమాదం. ఆపరేషన్ చేయాల్సిందే. పిల్లలు పుట్టకుండా ముందే ఆపరేషన్ చేయిస్తే ఈ గొడవ రాదు. మర్మాంగం నుంచి నెలల తరబడి నెత్తురు చుక్కలు పడుతుంటే అది వీధి కుక్కల కలయికతో అంటుకునే గడ్డ కావచ్చు, వారానికో ఇంజెక్షన్‌తో చాలావరకు నయమవుతుంది.

ఉన్నట్టుండి ప్రవర్తన మారింది, గొంతు మారింది, మింగలేకపోతోంది

ఎముక అడ్డుపడిందేమో అని నోట్లో చేయి పెట్టకండి. రేబిస్ కావచ్చు. కరిచినా, గీరినా, పుండు మీద చొంగ పడినా సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రిలో టీకా మొదలుపెట్టండి. పసుపు, కారం పెట్టొద్దు. కుక్కకు, పిల్లికి మూడు నెలల వయసులో మొదటి టీకా, తర్వాత ఏటేటా. జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు.

ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు

మండల పశువుల ఆసుపత్రిలో రక్త పరీక్ష కుదరకపోతే గరివిడి పశువైద్య కళాశాలకు తీసుకెళ్లవచ్చా అని అక్కడి డాక్టరునే అడగండి. మూర్ఛ, దగ్గు ఆసుపత్రి బల్ల మీద కనిపించకపోవచ్చు కాబట్టి ఫోనులో వీడియో తీయండి. విరేచనం కాస్త డబ్బాలో పట్టుకెళ్లండి. ఇంట్లో ఏ మాత్ర వేశారో, ఏ ఆకు పసరు పోశారో మొహమాటపడకుండా చెప్పండి. దాన్ని బట్టే డాక్టరు రాసే మందు మారుతుంది.