కటపయాది: సంఖ్యను మాటగా రాయడం ఎలా

రోమన్ అంకెలు మనకు గడియారాల మీదా, పుస్తకాల ముందుమాట పుటల్లోనూ కనబడుతూ ఉంటాయి. అక్షరాలతోనే సంఖ్యలు రాసే పద్ధతి మన దేశంలోనూ ఒకటి ఉంది, దాని పేరు కటపయాది. రోమన్ పద్ధతిలో లేని సున్న, స్థానవిలువ రెండూ ఇందులో ఉన్నాయి. వాటికి మించిన సౌకర్యం ఏమిటంటే, ఇందులో హల్లుకే తప్ప గుణింతానికి విలువ లేదు. కాబట్టి ఏ సంఖ్యనైనా అర్థమున్న మాటగా మలచుకోవచ్చు.

ముందుగా పట్టికను కంఠస్థం చేయాలి. 'కాది నవ, టాది నవ, పాది పంచ, యాద్యష్టౌ' అన్న సూత్రం దానికి ఆధారం. క నుంచి ఝ వరకు వరుసగా 1 నుంచి 9, ఞ సున్న. ట నుంచి ధ వరకు మళ్లీ 1 నుంచి 9, న సున్న. ప, ఫ, బ, భ, మ అనేవి 1 నుంచి 5. య, ర, ల, వ, శ, ష, స, హ అనేవి 1 నుంచి 8. వీటి తరువాత వచ్చే ళ 9. ప్రతి వరుసలో 1 గా నిలిచే క, ట, ప, య అనే నాలుగు అక్షరాలే ఈ పద్ధతికి పేరయ్యాయి. వర్ణమాల తడుముకోకుండా అప్పజెప్పగలిగిన వారికి ఇందులో కొత్తగా నేర్చుకోవలసింది దాదాపు లేదు, వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే చాలు.

ఇక నియమాలు. క, కి, కౌ అన్నీ 1 గానే లెక్క. మాటలో అచ్చు విడిగా వస్తే దాని విలువ సున్న. ఒత్తు ఉన్న అక్షరంలో చివరి హల్లునే లెక్కపెట్టాలి. 'ర్య' అంటే య కాబట్టి 1, 'ర్మ' అంటే మ కాబట్టి 5. పొల్లునూ, పూర్ణానుస్వారాన్నీ (అక్షరం పక్కన వచ్చే 'ం') వదిలేయాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది 'అంకానాం వామతో గతిః' అన్న నియమం, అంటే అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. మాటలో మొదటి అక్షరం ఒకట్ల స్థానం, రెండోది పదుల స్థానం. కొత్తగా నేర్చుకునేవారు తప్పు చేసేది ఎక్కువగా ఇక్కడే. 'జయ' అన్న మాటలో జ 8, య 1, తిరగేస్తే 18. మహాభారతానికి జయమనే పేరు ఉండటానికీ, దాని పర్వాలు 18 కావడానికీ పెద్దలు ముడిపెట్టేది ఈ లెక్కతోనే.

చదవడం కన్నా రాయడం కష్టం, సరదా కూడా అందులోనే ఉంది. 108ని మాటగా మార్చాలనుకుందాం. ముందు సంఖ్యను తిరగేసి 8, 0, 1 అని రాసుకోవాలి. ఒక్కొక్క అంకె కింద దానికి పనికివచ్చే హల్లులను పేర్చాలి: 8 కింద జ, ద, హ, సున్న కింద ఞ, న, 1 కింద క, ట, ప, య. ఆపైన గుణింతాలు మార్చి చూస్తే 'జానకి' దొరుకుతుంది. అలాగే 365ను తిరగేస్తే 5, 6, 3, దానికి 'శీతలం' సరిపోతుంది. 1947కు కొంత వెతకాలి: 7, 4, 9, 1 కోసం నేను కుదుర్చుకున్న మాట 'సభాధైర్యం'. స 7, భ 4, ధ 9, చివరి ఒత్తులోని య 1. ల, ళల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఎవరైనా 'శీతళం' అని రాస్తే 365 కాస్తా 965 అయి కూర్చుంటుంది.

సంగీత విద్యార్థులకు ఇది కాలక్షేపం కాదు, పనిముట్టు. కర్ణాటక సంగీతంలో మిగతా రాగాలకు మూలమైన 72 మేళకర్త రాగాల (మేళాల) పేర్లలో మొదటి రెండు అక్షరాలు ఆ రాగం సంఖ్యను చెబుతాయి. మాయామాళవగౌళలో మ 5, య 1, తిరగేస్తే 15. పాత పేర్లు ఈ లెక్కకు కుదరనప్పుడు ముందు అక్షరాలు తగిలించారు: శంకరాభరణం ధీరశంకరాభరణమై 29కి, కల్యాణి మేచకల్యాణియై 65కు సరిపోయాయి. ఈ రెండు సంఖ్యల తేడా సరిగ్గా 36. మొదటి 36 మేళాలకు శుద్ధ మధ్యమం, తరువాతి 36కు ప్రతి మధ్యమం కాబట్టి, ఆ ఒక్క స్వరం తప్ప కల్యాణికీ శంకరాభరణానికీ భేదం లేదని పేర్లను బట్టే తేల్చవచ్చు. మేళాలను ఆరేసి చొప్పున 12 చక్రాలుగా విభజించారు. 15 అంటే మూడో చక్రంలో మూడోది: చక్రాన్ని బట్టి శుద్ధ రిషభం, అంతర గాంధారం, వరుసను బట్టి శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. రాగం పేరు తెలిస్తే దాని స్వరాలు కాగితం చూడకుండానే చెప్పవచ్చునన్న మాట.

కేరళలో దీనితో తేదీలు రాశారు. మేల్పత్తూరు నారాయణ భట్టతిరి అనే కవి తన నారాయణీయం అనే స్తోత్రకావ్యాన్ని 'ఆయురారోగ్యసౌఖ్యం' అనే మాటతో ముగించారు. ఆ సున్న, యు 1, రా 2, రో 2, గ్య 1, సౌ 7, ఖ్యం 1, తిరగేస్తే 17,12,210. కలియుగారంభం నుంచి గడిచిన రోజుల లెక్క అది, క్రీస్తుశకంలో 1586వ సంవత్సరానికి వస్తుంది. దీవెన, తేదీ రెండూ ఒకే మాటలో ఇమిడాయి.

మేళకర్తల పేర్లతో అభ్యాసం చేసేటప్పుడు కొన్ని చోట్ల నియమం తప్పుతుంది, అది మీ పొరపాటు కాదు. చక్రవాకంలో ఒత్తు నియమం ప్రకారం ర తీసుకుంటే 26 వస్తుంది, కానీ అది చారుకేశి స్థానం. ఇక్కడ క తీసుకుని 16 అనాలి. దివ్యమణిలో వ తీసుకుని 48, విశ్వంభరిలో శ తీసుకుని 54. సింహేంద్రమధ్యమం మరీ చిక్కు: 'సిం'లోని పూర్ణానుస్వారాన్ని వదిలేస్తే స 7, హ 8 కలిసి 87 అవుతుంది, మేళాలేమో 72తోనే ముగిశాయి. అక్కడ పూర్ణానుస్వారాన్ని మకారంగా, అంటే 5 గా, లెక్కిస్తేనే 57 వస్తుంది.