బొగ్గు వ్యాగన్ కిట్: మన ఊరి ఎండకూ వానకూ తగ్గట్టు కట్టుకోవడం

మౌలాలీలో మా డాబా మీద నిలబడితే కాజీపేట వైపు నుంచి వచ్చే గూడ్సు బండ్లు కనిపిస్తాయి. నేను సికింద్రాబాద్‌లో ఒక డెంటల్ ల్యాబ్‌లో కట్టుడు పళ్లు తయారుచేస్తాను. పదకొండేళ్లుగా ఆదివారాలు వ్యాగన్ కిట్లు, అంటే ప్లాస్టిక్ ముక్కలు అతికించి చేసే గూడ్సు వ్యాగన్ల చిన్న నమూనాలు, కడుతున్నాను. ఇంగ్లండ్‌లో ఉండే మా మేనల్లుడు ఇంటికొచ్చినప్పుడల్లా రెండు మూడు డబ్బాలు తెస్తాడు. అందుకే నా దగ్గర ఉన్నవన్నీ దాదాపు అక్కడి వ్యాగన్లే.

కిట్ డబ్బాలో ఒక కాగితం వస్తుంది. ఏ ముక్క తర్వాత ఏ ముక్క అంటించాలో అందులో ఉంటుంది. ఆ వరస మార్చొద్దు. కానీ జిగురు ఎంతసేపట్లో ఆరుతుంది, రంగు ఏ పూట వెయ్యాలి అన్నవి ఆ కాగితం చెప్పదు. చెప్పినా అది చల్లటి ఊరి లెక్క. మే నెలలో 41, 42 డిగ్రీల్లోనూ, ఆగస్టు ముసురులోనూ ఒకే పద్ధతిలో పనిచేస్తే సామాను పాడవుతుంది. మన వాతావరణానికి ఏది కుదురుతుందో నేను కొన్ని కిట్లు పాడుచేసుకుని నేర్చుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా బ్రిటిష్ రైల్వేస్ 16 టన్నుల బొగ్గు వ్యాగన్. నాలుగే చక్రాలు, పైకప్పు లేదు, ఉక్కు డబ్బా లాంటి ఆకారం. 1950లలో లక్షల్లో తిరిగిన బండి. అసలు వ్యాగన్ పొడవు, రెండు చివర్లా దెబ్బ తట్టుకునే బఫర్లు వదిలేస్తే, 16 అడుగుల 6 అంగుళాలు, రెండు ఇరుసుల మధ్య దూరం 9 అడుగులు. ఓఓ స్కేలులో అడుగుకు 4 మి.మీ. లెక్క కాబట్టి మోడల్ 66 మి.మీ., ఇరుసుల మధ్య 36 మి.మీ. అరచేతిలో ఇమిడిపోతుంది. ఈ స్కేలు పట్టాల వెడల్పు 16.5 మి.మీ. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ.ని ఇదే స్కేలుకు తగ్గిస్తే 22 మి.మీ. వస్తుంది. ఓఓ పట్టాలు అసలు లెక్కకన్నా కాస్త ఇరుకే అయినా, మన పట్టాలు ఎంత వెడల్పో ఆ తేడా చూస్తేనే నాకు అర్థమైంది.

పనిముట్లకు పెద్ద ఖర్చు లేదు. సన్న వైర్లు కత్తిరించే నిప్పర్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. చిన్న మూలమట్టం, 400 నుంచి 1000 నంబర్ వరకు ఎమరీ పేపర్లు, 2 మి.మీ. డ్రిల్ బిట్ రాణీగంజ్‌లో తీసుకున్నాను. అద్దాలు కోసే కొట్టులో మిగిలిన ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి, అంచులు నూరించి. ఈ పని మొత్తానికీ అదే బల్ల. బల్ల చెక్క వంగి ఉండొచ్చు, అద్దం వంగదు. ప్లాస్టిక్ జిగురు మాత్రం మోడళ్ల కోసం అమ్మేదే కావాలి. నేను తమియా ఎక్స్‌ట్రా థిన్ వాడతాను. ఫెవిక్విక్ లోహపు ముక్కలకు సరే, ప్లాస్టిక్‌కు వద్దు. దాని ఆవిరికి చుట్టూ తెల్లటి పొర పడుతుంది.

ముక్కలు చట్రంలో ఉండగానే గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసిన గోరువెచ్చని నీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో కడగండి. అచ్చులోంచి తీసేటప్పటి జిడ్డు ఉంటే రంగు పట్టదు. ఆరాక, ముక్కకు మరీ దగ్గరగా కాకుండా ఒక మిల్లీమీటరు వదిలి కత్తిరించండి. మిగిలిన మొటిమను కత్తితో చెక్కి, 600 ఎమరీతో రుద్దితే చాలు. మూలల్లో మిగిలే సన్నటి పొరలు తీయడానికి నేను పళ్లకు వాడే ప్రోబ్ వాడతాను. దాని కొన వంకరగా ఉంటుంది కాబట్టి కత్తి వెళ్లని చోటికి కూడా వెళ్తుంది.

జిగురు పెట్టేముందు ఫ్యాన్ ఆపండి. చెమట పట్టినా సరే ఆపాలి. ఈ జిగురు నీళ్లకన్నా పలచన, ప్లాస్టిక్‌ను కొంచెం కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. ముందే పూసి తర్వాత అతికిస్తే మన ఎండల్లో ముక్క చేరేలోపే ఆవిరైపోతుంది. రెండు ముక్కల్నీ మూలమట్టానికి ఆనించి వేళ్లతో పట్టుకుని, లోపలి వైపు నుంచి సందు మీద బ్రష్ కొన ఆనించండి. దీపం వత్తి నూనె పీల్చుకున్నట్టు సందు మొత్తం తనే పీల్చుకుంటుంది. ఇరవై దాకా లెక్కపెట్టి వదలండి. మీ వేలు ఆ సందు మీద ఉండకుండా చూసుకోండి. ఉంటే వేలిముద్ర ప్లాస్టిక్‌లో అచ్చు పడిపోతుంది. కిటికీ తెరిచే ఉంచండి, ఆ వాసన పీల్చకూడదు.

డబ్బా అయ్యాక అడుగు భాగం. ఇక్కడ తొందర వద్దు. నా మొదటి వ్యాగన్‌కు సోల్‌బార్లు, అంటే అడుగున పొడవునా దూలాల్లా ఉండే రెండు ముక్కలు, ఒకే పూట అంటించేశాను. మర్నాడు పట్టాల మీద పెడితే మూడు చక్రాలే ఆనాయి, నాలుగోది వెంట్రుకవాసి పైన. పాయింట్ల దగ్గరికి, అంటే పట్టాలు రెండుగా చీలే చోటికి, వచ్చిన ప్రతిసారీ పట్టాలు తప్పింది. అంటించినదాన్ని విడదీయబోతే విరిగింది. ఇప్పుడు చేసేదిలా. ఒక సోల్‌బార్ అంటించి రాత్రంతా వదిలేస్తాను. ఇరుసు గుంటల్లో 2 మి.మీ. బిట్‌ను చేత్తోనే తిప్పి శుభ్రంచేసి ఇత్తడి బేరింగులు కూర్చోబెడతాను. తర్వాత చక్రాలు పెట్టి, రెండో సోల్‌బార్ తెచ్చి, జిగురు మధ్యలో ఒకే ఒక్క చుక్క తాకిస్తాను. ఆ చుక్క మెత్తగా ఉండగానే వ్యాగన్‌ను అద్దం మీద నిలబెట్టి పైనుంచి వేలితో చిన్నగా నొక్కుతాను. తనంతట తనే సర్దుకుంటుంది.

సర్దుకుందో లేదో తెలియాలంటే సిగరెట్ పేపరంత పలచటి కాగితం ముక్క ఒక్కో చక్రం కింద పెట్టి లాగి చూడండి. నాలుగు చోట్లా ఒకేలా పట్టుకోవాలి. ఒకచోట కాగితం జారి వచ్చేస్తే ఆ మూల లేచినట్టు. ఇరుసు 26 మి.మీ. ఉంటుంది, రెండు చివరలా సూదిమొనలు. పక్కకు కదిపితే కొంచెం ఆట ఉండాలి, కింద పడేంత ఉండకూడదు. అద్దాన్ని ఒకవైపు పుస్తకమంత ఎత్తి వదిలితే వ్యాగన్ చప్పుడు లేకుండా జారిపోవాలి. అప్పుడే మిగతా జిగురు పెట్టండి. ఈ ఒక్క పనికి నేను ఒక పూర్తి ఆదివారం ఇస్తాను. రంగు బాగా లేకపోతే మళ్లీ వేసుకోవచ్చు, చక్రం ఆనకపోతే అది బొమ్మే తప్ప బండి కాదు.

బ్రేకు షూలు చక్రానికి ఎదురుగా, తగలకుండా ఉండాలి. బఫర్లు, కప్లింగులు (వ్యాగన్లను కలిపే కొక్కేలు) కాగితంలో చూపినట్టే.

బరువు మర్చిపోవద్దు. ఇరుసుకు 25 గ్రాముల లెక్కన ఈ వ్యాగన్ మొత్తం 50 గ్రాములు ఉండాలి. ప్లాస్టిక్ ఒక్కటే అంత తూగదు. పైన తెరిచి ఉండే వ్యాగన్ కాబట్టి బరువు అడుగున సోల్‌బార్ల మధ్య దాచాలి. ఉక్కు నట్లు పేర్చి అరాల్డైట్‌తో అంటించండి. కొందరు సీసం గుండ్లు ఫెవికాల్ లాంటి తెల్ల జిగురులో పోస్తారు. అది చెయ్యొద్దు. మూసి ఉన్న చోట సీసం ఆ జిగురుతో కలిసి కొన్నేళ్లకు ఉబ్బి ప్లాస్టిక్‌ను పగలగొడుతుంది.

ఇక రంగు. ఎండాకాలంలో స్ప్రే పని ఉదయం ఆరింటికే, డాబా మీద, గాలి లేనప్పుడు. పది దాటాక చల్లితే రంగు తుంపర వ్యాగన్ మీద పడేలోపే ఆరిపోయి ఇసుక చల్లినట్టు గరుకుగా కూర్చుంటుంది. వానాకాలంలో ఇబ్బంది ఇంకో రకం. ఒక జూలైలో ముసురు పట్టిన సాయంత్రం మ్యాట్ వార్నిష్, అంటే మెరవని రకం, చల్లాను. పది నిమిషాల్లో వ్యాగన్ అంతా పొగమంచు పట్టినట్టు తెల్లబడింది. గాలిలో తేమ ఆ పొరలో చిక్కుకుంది. పొడిగా ఉన్న రోజు దాకా ఆగి పైన గ్లాసీ వార్నిష్, అంటే మెరిసే రకం, కొడితే ఆ తెలుపు చాలావరకు పోయింది. అప్పట్నుంచీ జూన్ చివరి నుంచి సెప్టెంబర్ దాకా నేను స్ప్రే ముట్టుకోను. ఆ నెలల్లో కత్తిరించడం, అతికించడం చేసి పెట్టుకుంటాను. రంగులకు నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు మనకున్నంత మంచి కాలం ఇంకెక్కడా ఉండదని నా నమ్మకం.

బ్రష్‌తో వేసేవాళ్లకు మే నెలలో ఇంకో ఉపాయం. ఆక్రిలిక్ రంగు బ్రష్ మీదే ఎండిపోతుంటుంది. టిఫిన్ డబ్బా మూతలో తడి స్పాంజి పరిచి, పైన బటర్ పేపర్ వేసి, దాని మీద రంగు కలపండి. అడుగు నుంచి తేమ అందుతూ గంటల తరబడి మెత్తగా ఉంటుంది. పలచగా మూడు పూతలు. చిక్కగా ఒక్కసారి వేస్తే రివెట్లు మూసుకుపోతాయి.

వ్యాక్యూమ్ బ్రేకు లేని వ్యాగన్లకు బ్రిటిష్ రైల్వేస్ వేసింది బూడిద రంగు, ఉన్నవాటికి బాక్సైట్ అనే ఇటుక గోధుమ రంగు. మీ కిట్‌లో ఏ బ్రేకు ఉందో చూసుకుని రంగు ఎంచుకోండి. కానీ ఈ వ్యాగన్లు కొత్తగా మెరుస్తూ ఉంటే అబద్ధంలా ఉంటుంది. బొగ్గు పడి పడి లోపలంతా తుప్పే. దానికి కళ్లుప్పు పద్ధతి నాకు ఇష్టం.

ముందు ప్రైమర్, ఆ పైన తుప్పు రంగు. ఒకే గోధుమ కాదు, ముదురు, ఎరుపు, కొంచెం నారింజ, స్పాంజి ముక్కతో అద్దుకుంటూ. ఒక రోజంతా ఆరనివ్వండి. కళ్లుప్పును రోట్లో కచ్చాపచ్చాగా దంచండి, పొడి కాకూడదు. తుప్పు ఎక్కడ కావాలో అక్కడ మాత్రమే నీళ్లతో తడిపి, చిటికెడు ఉప్పు చల్లండి. తడి ఆరేకొద్దీ రవ్వలు ప్లాస్టిక్‌ను పట్టుకుంటాయి. కొన్ని ఒంటరిగా, కొన్ని గుంపుగా, ఎవరూ కావాలని పెట్టినట్టుండదు. దాని మీద బూడిద రంగు పలచగా స్ప్రే చెయ్యాలి, బ్రష్ తగిలితే ఉప్పు కదులుతుంది. గంట తర్వాత తడి బ్రష్‌తో రుద్దితే రవ్వలు ఊడి, వాటి కింద తుప్పు బయటపడుతుంది. అంచులు చిరిగినట్టు, నిజంగా పెచ్చులూడిన రంగులాగే. తర్వాత రెండు సార్లు మంచినీళ్లతో కడగండి, లేకపోతే తెల్లటి చార మిగులుతుంది. వానాకాలంలో ఈ పని కుదరదు. ఉప్పు చెమ్మగిల్లి ఆరనే ఆరదు.

తుప్పు ఎక్కడ పెట్టాలన్నది ఊహించకండి, వెళ్లి చూడండి. మన బాక్స్‌ఎన్ వ్యాగన్లు ఎనిమిది చక్రాలవి, చాలా పెద్దవి, కానీ బొగ్గు చేసే పని ఎక్కడైనా ఒకటే. రోడ్డు వంతెన మీద నుంచి ఖాళీ రేక్ వెళ్తుంటే లోపలికి చూడండి. పై సగం మట్టి ఎరుపు, అడుగున బొగ్గు రాసుకుని నున్నగా, నల్లగా ఉంటుంది. బయట వెల్డింగు అతుకుల వెంట, తలుపు కింది అంచున ఎక్కువ. పట్టాల పక్కకు మాత్రం దిగొద్దు.

అక్షరాలు అంటించేముందు ఆ చోట గ్లాసీ వార్నిష్ తప్పనిసరి. గరుకు రంగు మీద నీటి స్టిక్కర్ పెడితే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. తెల్లటి ఏటవాలు చార ఒకటి ఉంటుంది, అది అలంకారం కాదు. వ్యాగన్‌ను ఒకవైపు ఎత్తి బొగ్గు కుమ్మరించేటప్పుడు తలుపు ఏ చివర ఉందో పనివాళ్లకు తెలియడానికి. చార పైకెక్కిన వైపే ఆ తలుపు. కాబట్టి రెండు పక్కలా చారలు అద్దంలో చూసినట్టు ఎదురెదురుగా రావాలి. చాలామంది రెండూ ఒకేలా అంటించేస్తారు. అంతా అయ్యాక మ్యాట్ వార్నిష్.

చివరికి బొగ్గు. ఇస్త్రీ బండి దగ్గర దొరికే కట్టె బొగ్గు పనికిరాదు, అది మెరవదు. మా ఆవిడ పుట్టిల్లు గోదావరిఖని. అక్కడి నుంచి తెచ్చిన గుప్పెడు రాతిబొగ్గు నాకు ఇన్నేళ్లుగా సరిపోతోంది. గుడ్డలో చుట్టి సుత్తితో కొట్టి, టీ జల్లెడలో జల్లించండి. దుమ్ము కిందికి పోతుంది, మనకు కావాల్సిన పలుకులు పైన మిగులుతాయి. డబ్బా కొలతకు థర్మోకోల్ కోసి, నల్ల ఆక్రిలిక్ పూసి, ఫెవికాల్ రాసి పలుకులు చల్లండి. దాని మీద సగానికి సగం నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ఒక చుక్క గిన్నెల లిక్విడ్ వేసి డ్రాపర్‌తో వదలండి. ఆ చుక్క లేకపోతే నీళ్లు బొగ్గు మీద ముత్యాల్లా నిలబడి లోపలికి దిగవు. ప్లాస్టిక్ జిగురు ఇక్కడ వాడితే థర్మోకోల్ కరిగిపోతుంది.

థర్మోకోల్ కోసేటప్పుడే పైన చిన్న గుంట చేసి ఒక ఉక్కు నట్టు అందులో పాతిపెట్టండి. బొగ్గు పలుకులు దాన్ని కప్పేస్తాయి. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం దగ్గర పెడితే బొగ్గంతా ఒక్క ముక్కగా పైకి లేస్తుంది. వెళ్లేటప్పుడు నిండుగా, తిరిగొచ్చేటప్పుడు ఖాళీగా నడుపుకోవచ్చు.